మా బావను ట్రేడ్ చేసిన వారం

ముందే చెప్పేస్తున్నాను, ఇందులో నా తరఫున మాట్లాడటానికి మీకు ఒక్క ముక్క కూడా దొరకదు. ఎనిమిదేళ్లుగా వెతుకుతున్నాను, నాకే దొరకలేదు. ఇది నేను ఒక హాకీ జట్టు డిఫెన్సును బాగుచేసిన వైనం. సీజన్ మొదట్లో మా డిఫెన్స్ కాస్త బలహీనంగా ఉండేది. నేను కలగజేసుకున్న వారం రోజులకు అసలు డిఫెన్సే లేకుండా పోయింది. గోల్‌కీపర్ పోయాడు, వాడి ప్యాడ్లు పోయాయి, సామాను మోసే వ్యాను పోయింది, చివరికి మేం కూర్చుని తాగే టీ ఫ్లాస్కు కూడా పోయింది. ఇంకొకటి కూడా పోయింది, దాని సంగతి తర్వాత. మీరు మాత్రం హాయిగా నవ్వుకోండి. మధ్యలో ఎక్కడైనా నాకు నవ్వు రాకపోతే పట్టించుకోకండి.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. మెల్‌బోర్న్‌లో యూనివర్సిటీ చదువు ముగించి, ఊరి పడమటి శివారు ట్రుగనీనాలో మా సునీత అక్క ఇంట్లో, ముందు గదిలో ఉండేవాణ్ణి. "రెండు వారాలేనక్కా, రూమ్ దొరికేదాకా" అని సూట్‌కేసు దించి అప్పటికి ఏడాదిన్నర. అక్క భర్త శేఖర్ బావ గుంతకల్లు రైల్వే క్వార్టర్లలో పెరిగిన మనిషి. చిన్నప్పుడు అక్కడి మట్టి మైదానంలో చెప్పుల్లేకుండా హాకీ ఆడాడట. నలభై ఒకటో ఏట కూడా రెండు మోకాళ్లకూ పట్టీలు చుట్టుకుని, ప్రతి శనివారం మా పసుపు చొక్కా వేసుకుని ఆడేవాడు.

మా జట్టంటే ఏదో ఊహించుకోకండి. పడమటి సబర్బుల సోషల్ లీగులో అట్టడుగు గ్రేడు మాది. దానికింద ఇంకో గ్రేడు పెట్టలేదు కాబట్టి అక్కడ ఆగాం. బావ ఫుల్‌బ్యాక్, అంటే గోల్‌కీపర్‌కు ముందు నిలబడే ఆఖరి మనిషి. గోల్‌కీపర్ బావ సొంత తమ్ముడు చంద్ర. బావ పక్కన ఆడే ఇంకో డిఫెండర్ మస్తాన్, అదే గుంతకల్లు, అవే క్వార్టర్లు. చంద్రా మస్తానూ రెండు వీధుల అవతల అద్దెకుండేవాళ్లు గానీ, సాయంత్రం అన్నానికి మా అక్క దగ్గరికే వచ్చేవాళ్లు. రోజూ ఒకే బల్ల చుట్టూ కూర్చుని నలుగురం తినేవాళ్లం. ఈ సంగతి దయచేసి గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోలేదు.

ఇక నేను. హాకీ స్టిక్ ఏ వైపు పట్టుకోవాలో నాకు ఖాయంగా తెలియదు. కానీ ఉద్యోగం లేని మనిషికి టైముంటుంది, టైమున్న మనిషికి వీడియోలుంటాయి. మూడు నెలలు వీడియోలు చూసి నేను హాకీ పండితుణ్ణయిపోయాను. శనివారం మైదానం అంచున మూడు మడత కుర్చీలు ఉండేవి. ఒకటి నాది. ఒకటి మూర్తి అంకుల్‌ది, బ్యాంకులో రిటైరై కాకినాడ నుంచి కూతురి దగ్గరికి వచ్చేసిన పెద్దమనిషి, మెడలో బైనాక్యులర్స్ లేకుండా కనిపించేవారు కాదు. మూడోది చైతన్యది, వరంగల్ కుర్రాడు, యూనిలో చదువుతూ ఫుడ్ డెలివరీ చేసేవాడు. మా ముగ్గురిలో ఎవరమూ ఎన్నడూ ఆడలేదు కాబట్టి మాకు అభిప్రాయాలు చాలా ఉండేవి.

సీజన్ సగంలో, ఒక శనివారం, ఏడు గోల్స్ ఇచ్చుకున్నాం.

మూర్తి అంకుల్ బైనాక్యులర్స్ దించి, "ఇది డిఫెన్సా అబ్బాయ్, జల్లెడా?" అన్నారు.

"జల్లెడల జరంతన్న ఆగుతది అంకుల్," అన్నాడు చైతన్య.

"ట్రేడ్ వారం ఇదేగా? ఏదో ఒకటి చెయ్యాలి మరి."

మా లీగులో ఒక పద్ధతి ఉండేది. సగం సీజన్ అయ్యాక వారం రోజులపాటు రెండు జట్ల కెప్టెన్లూ ఒప్పుకుంటే ఒక ఆటగాణ్ణిచ్చి ఒకణ్ణి తెచ్చుకోవచ్చు. షిఫ్టుల వల్ల సగం మంది సగం వారాలు రాలేరు కదా, అందుకని పెట్టుకున్న సర్దుబాటు. ఆటగాళ్లు దాన్ని పెద్దగా పట్టించుకునేవాళ్లు కాదు. మేం ముగ్గురం మాత్రం ఆ వారం కోసం పెళ్లిచూపులకు ఎదురుచూసినట్టు ఎదురుచూసేవాళ్లం.

"టార్నీట్ టీమ్‌లో ఆ హర్జీత్ ఉన్నాడు చూడండి," అన్నాను. "ఆరడుగుల నాలుగంగుళాలు. అలాంటోడు మనకు బ్యాక్‌లో ఉంటే బంతి దారి మార్చుకుని పోతుంది."

"మంచోడే. మనం ఎవర్నిద్దాం? నవీన్‌ని ఇచ్చేద్దామా?"

"అంకుల్, గోల్స్ కొట్టేటోడే నవీన్. గాణ్ని ఇచ్చి డిఫెన్స్ తెచ్చుకుంటే ఇగ సున్నా సున్నా ఆడుకుంట కూసోవాలె," అన్నాడు చైతన్య.

"సున్నా సున్నా అయితే ఒక పాయింటొస్తుంది కదయ్యా!"

"ఈ చలిల, ఈ గాలిల, సున్నాలు చూడనీకి వస్తనా నేను? నాకు డెలివరీలు లేవా?"

"పోనీ సతీష్?"

"సతీష్‌ను ఎవలు తీస్కుంటరు అంకుల్? ఇంట్ల పర్మిషన్ ఇచ్చిన వారమే ఆడతడాయె."

అప్పుడు నేను నోరు తెరిచాను. తెరిచేముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆ బుధవారం పొద్దున టిఫిన్ దగ్గర బావ నన్ను, "ఏం కిరణ్, ఆ వేర్‌హౌస్ వాళ్లకు ఫోన్ చేసినావా? వారమాయె, ఇంట్లోనే ఉండావు" అని అడిగాడు. మామూలుగానే అడిగాడు. అక్క కూడా పక్కనే ఉంది. ఆ మాట మూడు రోజులుగా నా గొంతులో ఇడ్లీ ముక్కలా అడ్డంపడి ఉంది. కాబట్టి ఇప్పుడు నేను చెప్పబోయే క్రీడా విశ్లేషణ అంతా ఆ ఇడ్లీ ముక్క చెప్పిందే.

"మీరు ఒకటి గమనించారా?" అన్నాను, గొంతు తగ్గించి. "ఏడు గోల్స్ పడ్డాయి. ఏడుసార్లూ బంతి పక్కన ఎవరున్నారు?"

ఇద్దరూ మైదానం వైపు చూశారు. బావ వంగి మోకాలి పట్టీ సర్దుకుంటున్నాడు.

"నేరం జరిగిన ప్రతిచోటా ఒకే మనిషి కనిపిస్తుంటే పోలీసులు ఏమనుకుంటారు?" అన్నాను.

"అబ్బాయ్, ఆయన మీ బావ కదూ?"

"ఆటలో బావలేంటి అంకుల్? మనం కొంచెం ప్రొఫెషనల్‌గా ఉండాలి."

ప్రొఫెషనల్! ఏ ప్రొఫెషనూ లేని వెధవను, ఆ మాటన్నాను. ఆఖరి మనిషి కాబట్టే గోల్ దగ్గర బావ కనిపిస్తున్నాడనీ, ముందున్న ఆరుగురూ వెనక్కి పరిగెత్తడం మానేస్తే ముగ్గురి మీదికి ఒక్కడే పోతున్నాడనీ నాకు తట్టలేదు. వీడియోల్లో ఆ ముక్క ఎక్కడా చెప్పలేదు మరి.

చైతన్య మాత్రం బుర్ర గోక్కుంటూ, "అన్నా, మీ బావను ఇచ్చేస్తే మ్యాచ్ అయినంక నువ్వు ఇంటికెట్ల పోతవ్?" అన్నాడు.

"ఎప్పట్లాగే. వ్యాన్‌లో."

"ఎవరి వ్యాను?"

"అబ్బా, నువ్వు చిన్న చిన్న విషయాలు పట్టుకుంటావురా," అన్నాను.

మర్నాడు ఆదివారం మధ్యాహ్నం పార్కులో బార్బీ, అంటే ఆరుబయట మాంసం కాల్చుకు తినే విందు. మా కెప్టెన్ డేవిడ్ అన్న, గుంటూరాయన, వృద్ధుల హోమ్‌లో నర్సు, సాసేజీలు తిప్పుతున్నాడు. పక్కకు చేరి నా ప్లాను చెప్పాను. డేవిడ్ అన్న చేతిలో పటకారు ఆగిపోయింది.

"మీ బావనా? ఒరేయ్, ఏం మాట్లాడుతున్నావురా?"

"అన్నా, ఆయన మోకాళ్లు చూశావుగా. పైకి చెప్పడు గానీ మనమే అర్థం చేసుకోవాలి. టార్నీట్ వాళ్లయితే రొటేషన్‌లో ఆడిస్తారు, ఆయనకూ రెస్ట్."

చూశారా, పగకు ప్రేమ చొక్కా ఎలా తొడిగానో. డేవిడ్ అన్న బావ వైపు చూశాడు. ఇరవై గజాల దూరంలో బావ ఐదేళ్ల కూతురు శ్రేయను భుజాలమీద ఎక్కించుకుని తిప్పుతున్నాడు.

"సరే, నేనోసారి శేఖరన్నను అడుగుతా ఉండు."

"వద్దన్నా!" అన్నాను, కంగారుగా. "నువ్వడిగితే, టీమ్ నన్ను వద్దంటోందని ఫీలవుతాడు. నేను ఇంట్లో మాట్లాడేశాను. ఒప్పుకున్నాడు."

"నిజంగా ఒప్పుకున్నాడా?"

"బావమరిదిని, నాకు తెలీదా అన్నా?"

అంతే, అయిపోయింది. ఇక్కడ మీరు మన సంగతి ఆలోచించాలి. వేరే ఎవరైనా అయితే ఆ ఇరవై గజాలు నడిచి వెళ్లి, "మేట్, నీకు ఓకేనా?" అని అడిగేసేవాళ్లు. మనం అడగం. ఇంటి మనిషి చెప్పాడంటే ఆ మనిషి చెప్పినట్టే. పైగా మొహంమీద అడగడమంటే ఎంత మొహమాటం! ఆ మొహమాటంతో డేవిడ్ అన్న బావను అడగలేదు. ఆ సాయంత్రమంతా బావ ఎదురైనప్పుడల్లా, పాపం, ఒక సాసేజీ ఎక్కువ వడ్డించాడు. బావ తిన్నాడు.

సోమవారానికే టార్నీట్ వాళ్లు సరేనన్నారు. ఇంత తొందరగా ఎందుకు ఒప్పుకున్నారో నేను ఆలోచించలేదు. గొప్ప వ్యూహం కదా, ఎవరికైనా నచ్చుతుంది అనుకున్నాను.

ఇక నాకు మిగిలింది ఒకే పని, బావకు చెప్పడం. సోమవారం బావ మంచి మూడ్‌లో ఉన్నాడు, ఎందుకు పాడుచేయడమని ఊరుకున్నాను. మంగళవారం చిరాగ్గా ఉన్నాడు, ఇప్పుడు చెబితే ఇంకా చిరాకని ఊరుకున్నాను. బుధవారం బొరుగులతో ఉగ్గాణి చేయించి, "తిను కిరణ్, నీకిష్టమని చెప్పి చేపిచ్చినా" అన్నాడు. నోటినిండా ఉగ్గాణి పెట్టుకుని ఏం చెబుతారండీ? గురువారం గొంతు సవరించుకుని, "బావా, నువ్వు ఎప్పుడైనా వేరే టీమ్‌కి..." అని మొదలుపెట్టాను. "యాడికప్పా? ఈ పసుపు చొక్కాలోనే అయిపోతా నేను" అని నవ్వాడు. చంద్ర కూడా నవ్వాడు, మస్తాన్ కూడా నవ్వాడు. మర్యాదగా నేనూ నవ్వాను. శుక్రవారం నాకు తలనొప్పి వచ్చింది, నిజంగానే.

శనివారం వ్యాన్‌లో వెనక సీట్లో, చంద్ర ప్యాడ్లు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మైదానానికి పన్నెండు నిమిషాలు, దారిలో నాలుగు సిగ్నళ్లు. ప్రతి రెడ్ సిగ్నల్ దగ్గరా చెబుదామనుకున్నాను. ఆ రోజు నాలుగింటిలో మూడు గ్రీన్ పడ్డాయి. నాలుగో దాని దగ్గర బావ వెనక్కి తిరిగి, "ఏం రా, చెమట్లు పడ్తాండాయి, జ్వరమా?" అన్నాడు.

మైదానంలో డేవిడ్ అన్న జట్టు పేర్లు చదువుతున్నాడు. పసుపు చొక్కా తొడుక్కుని, పట్టీలు చుట్టుకుని, స్టిక్ చేతబట్టి బావ ఎప్పట్లాగే వెళ్లి తన చోట నిలబడబోయాడు. ఆ చోట అప్పటికే ఆరడుగుల నాలుగంగుళాల హర్జీత్ నిలబడి ఉన్నాడు.

డేవిడ్ అన్న తెల్లబోయి, "అదేంటన్నా, మీరు ఈ వారం నుంచి టార్నీట్‌కి కదా?" అన్నాడు. "వాళ్ల మ్యాచ్ మన తర్వాతే. మీ చొక్కా కూడా వాళ్ల దగ్గరుంది."

"ఏం చొక్కా?"

"ట్రేడ్ అన్నా... మీరు ఒప్పుకున్నారని కిరణ్ చెప్పాడు."

బావ మెల్లగా నా వైపు తిరిగాడు. నేను మడత కుర్చీ విప్పుతున్నట్టు నటించాను. అది అప్పటికే విప్పి ఉంది. మళ్లీ మడిచి, మళ్లీ విప్పాను. అందరిముందూ బావ "వీడు నాకు ఒక్క మాట చెప్పలేదు" అంటే చాలు, ఆ మైదానంలో నా ముఖాన ఉమ్మకుండా ఇంటికెళ్లే మనిషి ఉండడు.

బావ డేవిడ్ అన్న వైపు తిరిగి, "ఔనప్పా, నేనే చెప్పింటి," అన్నాడు. "మతికి లేకుండా అలవాటుకొద్దీ ఈడికి వచ్చేసినా. ఏమనుకోవద్దు."

పసుపు చొక్కా విప్పాడు. నాలుగు మడతలు పెట్టి బెంచీమీద పెట్టాడు. స్టిక్ తీసుకుని అటు చివర కూర్చున్న టార్నీట్ వాళ్ల వైపు నడిచాడు. కొంచెం కుంటుతున్నాడని అప్పుడే చూశాను. మా గోల్ దగ్గర ఏళ్లుగా అడ్డం నిలబడ్డ మనిషి, నాకూ అడ్డం నిలబడి వెళ్లిపోయాడు. ఏడుపొచ్చింది నాకు. కుర్చీ ఇంకోసారి మడిచాను.

ఇక్కడితో ఆగితే బాగుండేది. చంద్ర హెల్మెట్ తీసేశాడు.

"మా అన్న లేని టీమ్‌లో నాకేం పని?" అని ప్యాడ్లు విప్పి సంచీలో వేసుకున్నాడు.

"ఒరే చంద్రా, టార్నీట్‌లో గోల్‌కీపర్ ఉన్నాడురా! నిన్ను బెంచీమీద కూర్చోబెడతారు!" అన్నాడు డేవిడ్ అన్న.

"మా అన్న పక్కన్నే కదా కూర్చునేది."

మస్తాన్ సంచీ భుజాన వేసుకుని చంద్ర వెనకే పోయాడు. పోతూ పోతూ టీ ఫ్లాస్కు అందుకున్నాడు, అది అక్క పంపింది కదా. ఒక్కణ్ణి ఇచ్చి ఒకణ్ణి తెచ్చుకుందామనుకున్నాను. ముగ్గురు పోయి ఒక్కడొచ్చాడు. మూర్తి అంకుల్ బైనాక్యులర్స్‌తో ఆ ఊరేగింపు చూస్తూ, "అబ్బాయ్, మొత్తం కుటుంబం వెళ్లిపోతోందే!" అన్నారు.

గోల్‌కీపర్ లేకుండా ఆడనివ్వరు. డేవిడ్ అన్న చుట్టూ చూసి నా దగ్గర ఆగాడు.

"నువ్వే."

"అన్నా, నాకు రాదు."

"ట్రేడ్ చేయడం వచ్చుగా. తొడుక్కో."

క్లబ్బు షెడ్డులో మూలపడి ఉన్న ప్యాడ్లు తెచ్చి కట్టారు. అవి తడిసిన కుక్కలా కంపుకొట్టాయి. హెల్మెట్ నాకు రెండు సైజులు పెద్ద, తల కుడికి తిప్పితే అది ఎడమకు చూసేది. హర్జీత్ నా ముందు కొండలా నిలబడి, "డోంట్ వరీ బ్రో, ఐ యామ్ హియర్," అన్నాడు. నిజంగా మంచి ఆటగాడు. మొదటి పది నిమిషాలు ఒక్క బంతి రాలేదు. నా వ్యూహం ఫలించిందని, ఆ కంపులో కూడా, ఒక్క క్షణం గర్వపడ్డాను.

తర్వాత ఆట ఆగినప్పుడు హర్జీత్ ఊరికే మాట కలిపాడు. "నా బదులు వెళ్లిన ఆ సీనియర్ ఎవరు?"

"మా బావ. అంటే, మా అక్క హస్బెండ్."

హర్జీత్ మొత్తంగా వెనక్కి తిరిగాడు. "సొంత జీజాజీని ట్రేడ్ చేశావా? బ్రో, హూ డజ్ దట్?"

ఆ తర్వాత అతను ఆడటం మానలేదు గానీ, నాతో మాట్లాడటం మానేశాడు. ఫుల్‌బ్యాక్ గోల్‌కీపర్‌తో మాట్లాడకపోతే ఏమవుతుందో నాకు ఆ రోజే తెలిసింది. పక్కన మస్తాన్ లేడు, ముందున్నవాళ్లు వెనక్కి రారు, హర్జీత్ కుడికి పోతే ఎడమ నుంచి ముగ్గురొచ్చేవాళ్లు. గోల్ నోట్లో నిలబడి చూస్తే ఆట వేరేగా ఉంటుందండీ. బావ ప్రతి వారం చూసింది ఇదే. ఏడు గోల్స్ పడ్డ రోజు ఇంకో పదిహేను ఆగి ఉంటాయి. నేను వాటిని లెక్కపెట్టలేదు, ఎందుకంటే ఆగిన గోల్‌కు చప్పుడుండదు. ఇప్పుడు చప్పుడే చప్పుడు. పదకొండు పడ్డాయి. అందులో ఒకటి నేనే కాలితో లోపలికి నెట్టాను.

మ్యాచ్ అయ్యాక టార్నీట్ కెప్టెన్ వచ్చి డేవిడ్ అన్న చెయ్యి ఊపేశాడు. "రెండేళ్లుగా మీ శేఖర్‌ని మాకు ఆడమని అడుగుతున్నాం. ప్రతిసారీ నో అన్నాడు. మీరేం చెప్పి ఒప్పించారు?"

డేవిడ్ అన్న నా వైపు చూశాడు. నేను హెల్మెట్ తీయలేదు.

చైతన్య అడిగిన ప్రశ్నకు అప్పుడు జవాబు దొరికింది. వ్యాను నన్నెక్కించుకోకుండానే వెళ్లిపోయింది. గాలికి ఎదురు గంటన్నర నడిచి ఇంటికి చేరాను. బావ సోఫాలో కూర్చుని మోకాళ్లమీద ఐసు పెట్టుకుంటున్నాడు. నన్ను చూసి, "సునీతా, వానికి అన్నం పెట్టు, నడిచొచ్చినట్లుండాడు," అని లోపలికి వెళ్లిపోయాడు.

అక్క వంటింట్లోకి రమ్మంది. "ఆయన నిన్ను ఏమీ అనొద్దన్నాడు. అందుకని గట్టిగా అరవను. కానీ నువ్వు విను. డాక్టర్ మోకాళ్లు చూసి ఈ సీజన్‌తో ఆపేయమన్నాడురా. మీ బావ ఎవరికీ చెప్పొద్దన్నాడు, జాలిపడతారని. ఆఖరి మ్యాచ్ ఆ పసుపు చొక్కాలో, తమ్ముడు వెనకాల ఉండగా ఆడి మానేస్తానన్నాడు. ఆయన అడిగింది అదొక్కటే. ఈ దేశంలో ఆయన తనకంటూ అడిగింది అదొక్కటేరా."

"అక్కా, నాకు తెలీదు..."

"అడిగితే తెలిసేది. ఒకే ఇంట్లో ఉంటున్నావు కదరా!"

ఏడాదిన్నర ఆ ఇంట్లో తిని, గాలి ఎటు వీస్తే కార్నర్ ఎలా కొట్టాలో చెప్పగలిగినవాణ్ణి, ఎదురుగా కూర్చున్న మనిషి మోకాలి సంగతి అడగలేకపోయాను. ఆ రోజు పప్పులో ఉప్పు ఉందో లేదో కూడా నాకు తెలియలేదు.

మర్నాడే డేవిడ్ అన్న కాళ్లమీద పడ్డాను. ట్రేడ్ గడువు సాయంత్రం దాకా ఉంది, వెనక్కి తిప్పేయమని. డేవిడ్ అన్న పాపం టార్నీట్ వెళ్లి వచ్చాడు.

"ఒప్పుకోలేదురా. శేఖరన్నను వదిలేది లేదన్నారు. చంద్రనూ మస్తాన్‌నూ కూడా రిజిస్టర్ చేసేసుకున్నారు."

"హర్జీత్‌ని తిరిగి ఇచ్చేస్తామనలేదా?"

"అన్నా. హర్జీత్‌తోపాటు నిన్ను కూడా ఇస్తామన్నా."

"ఏమన్నారు?"

"నీ పేరు చెప్పేదాకా ఆలోచిస్తున్నార్రా."

సీజన్ ఆఖరి మ్యాచ్ మాకూ టార్నీట్‌కూ పడింది. పడకపోతే ఆశ్చర్యపోవాలి. అప్పటికి నన్ను గోల్ నుంచి తప్పించి మళ్లీ కుర్చీకి పంపారు, నోరు విప్పనన్న షరతుమీద. అటు ఆకుపచ్చ చొక్కాలో బావ, పక్కన మస్తాన్, బెంచీమీద చంద్ర. ఒకటి సున్నాతో వాళ్లు ముందున్నారు. ఆఖరి నిమిషంలో మా నవీన్ గోల్‌కీపర్‌ను దాటించి బంతి కొట్టాడు. మూర్తి అంకుల్ "గోల్!" అని లేచి నిలబడ్డారు. గోల్ గీతమీద బావ ఒంటికాలిమీద పడిపోతూ స్టిక్ చాచి ఆపేశాడు. ఆగిన గోల్‌కు చప్పుడుండదన్నాను కదా. ఆ రోజు ఉంది, కానీ అది మోకాలిది.

చంద్రా మస్తానూ చెరో భుజం పట్టుకుని బయటికి తెచ్చారు. మా పసుపు చొక్కాల వాళ్లంతా నిలబడి చప్పట్లు కొట్టారు. వాళ్లు కొట్టాల్సిన చప్పట్లే అవి. కాకపోతే ఆయన వాళ్ల చొక్కాలో ఉండాలి. అదే బావ ఆడిన ఆఖరి ఆట.

ఆ నెలలోనే నాకు సిడ్నీలో ఉద్యోగం దొరికింది. గిరావీన్‌లో రూమ్ తీసుకున్నాను. బావ వ్యాన్‌లో ఎయిర్‌పోర్టుకు దింపి, "జాగర్త" అన్నాడు. అంతకుముందు ఆయన నాతో గంటలు గంటలు మాట్లాడేవాడు, గుంతకల్లు మైదానం గురించి, రైళ్ల గురించి. పోయింది ఇంకొకటుందన్నాను కదా మొదట్లో, అది ఇదే. ఎనిమిదేళ్లలో మేం ఒక్కసారీ పోట్లాడుకోలేదు. పోట్లాడుకుంటే బాగుండేది.

ఇప్పుడు ఏడాదికి రెండుసార్లు అక్క ఇంటికి వెళ్తుంటాను. భోజనాల బల్ల ఎదురుగా గోడమీద, అద్దాల ఫ్రేములో, ఒక చొక్కా వేలాడుతుంటుంది. ఆకుపచ్చది. బావ ఆట మానేసినప్పుడు టార్నీట్ వాళ్లు అందరి సంతకాలూ పెట్టి బహూకరించారు. మా వాళ్లు ఇద్దామనుకున్నారు గానీ, తమ జట్టులోంచి వెళ్లిపోయిన మనిషికి ఏ మొహం పెట్టుకుని ఇస్తారు? దానికి సరిగ్గా ఎదురుగా ఉన్న కుర్చీలో అక్క నన్ను కూర్చోబెడుతుంది, ప్రతిసారీ. కాకతాళీయం కాదు.

ఇంటికొచ్చిన వాళ్లు అడుగుతుంటారు, "అన్నా, మీరు టార్నీట్‌కి ఆడేవాళ్లా?" అని. నేను పచ్చడి మీద దృష్టి పెడతాను. బావ ఎప్పుడూ ఒకే జవాబు చెబుతాడు.

"ఔనప్పా. నేనే అడిగి పోయింటి."

కాబట్టి చదువరులారా, నేను ఘోరమైన ప్రతిజ్ఞ ఒకటి చేశాను. ఈ జన్మలో దేన్నీ దేనితోనూ మార్పిడి చేయను. షాపులో సైజు సరిపోని చొక్కా వెనక్కి ఇవ్వను. ఆఫీసులో షిఫ్టు మార్చుకోను. విమానంలో భార్యాభర్తలు విడివిడిగా కూర్చుని బతిమాలినా సీటు వదలను. ఏ జట్టుకూ సలహా చెప్పను, ఎవరి డిఫెన్సూ బాగుచేయను.

మొన్న ఈస్టర్ సెలవులకు వెళ్లినప్పుడు ఆ ప్రతిజ్ఞకు పరీక్ష వచ్చింది. శ్రేయకిప్పుడు పదమూడేళ్లు, స్కూల్ టీమ్‌లో ఫుల్‌బ్యాక్. మధ్యాహ్నం భోజనాల దగ్గర కిటికీలోంచి ఎండ వస్తోంది. ఎదురుగా ఫ్రేము అద్దంమీద పడి నేరుగా నా కళ్లలోకి మెరుస్తోంది. చేత్తో కళ్లకు అడ్డం పెట్టుకుని తింటున్నాను.

"మామయ్యా, యూ కాంట్ ఈవెన్ సీ," అంది శ్రేయ. "స్వాప్ సీట్స్ విత్ మీ?"

"వద్దు తల్లీ. నేను మార్పిళ్లు మానేశాను."

"ఇట్స్ జస్ట్ ఎ చెయిర్!"

చాలా ఏళ్ల తర్వాత బావ తలెత్తి తిన్నగా నా వైపు చూశాడు. నా వెన్ను నిటారయింది. క్షమిస్తాడేమో అనుకున్నాను, నిజం చెప్పొద్దూ.

"ఉండనీ పాపా," అన్నాడు బావ, పెరుగు గిన్నె నా వైపు జరుపుతూ. "వాణ్ని అడగకుండా మనం ఎట్ల మారుస్తాం?"